దానమిచ్చిన కుర్చీ

సూరత్,
12 జూలై 2025

పెద్దమ్మకు నమస్కారాలు.

ఫోనులో ఎంత అరిచినా నీకు వినపడదు. మెసేజ్ పెడితే ప్రసాద్ అన్నయ్య చదివి సగమే చెబుతాడు. అందుకే ఉత్తరం.

ఇల్లు సర్దడం ఇంకా అవలేదు. హాల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు తప్ప ఏమీ లేవు. షోరూముల్లో సోఫాలన్నీ ఒకే అచ్చు, కూర్చుంటే లోపలికి దిగిపోవడమే. నాకు పాతవి కావాలి, టేకువి, పేము అల్లినవి. వరుణ్ పొద్దున్నే హజీరా కంపెనీ బస్సెక్కి పోతాడు కాబట్టి ఎంపిక భారమంతా నాదే.

చౌక్ బజారు వెనక ఠాకోర్‌కాకా అని ఒకాయనకి పాత సామాన్ల దుకాణం ఉంది. ఏది చూపించినా నాకు నచ్చలేదు. ఇంతలో అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడాను. కాకా నా వంకే చూసి, “బెన్, తుమ్ తెలుగు హో క్యా? జరా రుకో,” అని లోపలి గదిలోంచి గోనెపట్టా కప్పిన కుర్చీ ఒకటి బయటికి లాగించాడు. చేతులు పొడుగ్గా ఉండి, వెనక్కి వాలే కుర్చీ. కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. నచ్చకపోతే నెలలోపు వెనక్కి తీసుకుంటానన్నాడు.

తెచ్చాను గానీ, పెద్దమ్మా, రోజూ మూడింటికి అది కిర్రుమంటుంది. ఎవరో లేచి వెళ్లినట్టు పేము మెల్లగా పైకి వస్తుంది. పనిమనిషి మంగ దాని కింద ఊడవనంటోంది. “ఉస్‌మే కోయీ బైఠా హై, దీదీ” అంటుంది, అందులో ఎవరో కూర్చుని ఉన్నారట. నాకూ భయంగానే ఉంది. ఉంచమంటావా, తిప్పి పంపమంటావా? పెదనాన్నతో రైల్వే వేలాలన్నీ తిరిగినదానివి, నీకు తెలిసినంత ఎవరికి తెలుసు? అసలు నువ్వే వచ్చి చూడరాదూ? అన్నయ్య బదిలీ మీద మీరంతా విజయవాడ వెళ్లాక ఈ ఊరి వైపు తిరిగి చూడనే లేదు.

నీ సుప్రజ

* * *

విజయవాడ,
20 జూలై

చిరంజీవి సుప్రజకు ఆశీస్సులు.

పిచ్చిపిల్లా, పేము ఎండితే కిర్రుమనక ఏంచేస్తుంది? తడిగుడ్డ పిండి ఒక పూట కప్పి ఉంచు. మంగకి కాఫీ ఇచ్చి అదే కుర్చీలో కూర్చోబెట్టు, భయం పోతుంది.

పాత కుర్చీ కొనేటప్పుడు ముందు కూర్చోకూడదు, ముందు బోర్లించి చూడాలి. మోసం చేసేవాళ్లు పైన పాలిష్ కొడతారు గానీ అడుగున ముట్టుకోరు. కీళ్లలో మేకులుంటే వద్దు, చెక్క చీలలుంటే మంచిది. చేతులు పట్టుకుని పక్కలకు ఊపి చూడు. కాళ్ల దగ్గర పొడి రాలితే పురుగుంది. ఒక చేయి రెండోదానికన్నా ఎక్కువ అరిగి ఉంటే ఆ కుర్చీని ఎవరో ఒకరే చాలాకాలం వాడారని అర్థం, అందులో తప్పేం లేదు.

నీ కుర్చీని కూడా అలాగే బోర్లించి చూడు. వెనక ఎడమకాలు కింద ఇత్తడి వాషరు ఉందా? ఉంటే అది మీ పెదనాన్నది. స్టేషన్ వెయిటింగ్ రూములోది, వేలంలో కొన్నారు. కాలు పొట్టిదైతే ఆయనే వాషరు బిగించారు. 2006లో ఆ ఊరి వరదలో ఆయన జాడ తెలియకుండా పోయాక పన్నెండేళ్లు చూసి, అక్కడే దర్భబొమ్మకు కర్మ చేసి, మంచం, గొడుగుతో పాటు ఆ కుర్చీ కూడా దానమిచ్చాం. దానం పట్టినాయన అమ్ముకుని ఉంటాడు.

అదే అయినా భయపడకు. ఒక్కటి మాత్రం, దాన్ని దుకాణానికి ఎవరు తెచ్చారో కాకాని అడిగి రాయి. ఆలస్యం చేయకు.

పెద్దమ్మ

* * *

సూరత్,
2 ఆగస్టు

పెద్దమ్మా,

వాషరు ఉంది. ఆ సాయంత్రమే కాకా దగ్గరికి పరిగెత్తాను.

నువ్వన్నట్టే ఏడేళ్ల క్రితం ఒక మహారాజ్, అంటే ఇక్కడి పంతులు, టెంపోలో తెచ్చి అమ్మాడట. టెంపో వెనకే నడుచుకుంటూ ఒక గడ్డపాయన వచ్చి, కుర్చీ ఇంకా కిందికి దించకముందే అది తనకే కావాలని కొనుక్కున్నాడట. పల్సానాలో ఏదో రంగుల మిల్లులో వాచ్‌మన్. పేరు చెప్పలేదు, వీళ్లే రావ్‌కాకా అని పిలిచేవాళ్లు. వానలకు ముందు, జూన్‌లో, గది ఖాళీ చేస్తున్నానని కుర్చీ వెనక్కి తెచ్చి ఇచ్చాడు. “తెలుగు బోల్నేవాలే ఘర్ మే హీ దేనా” అని, తెలుగు మాట్లాడే ఇంటికే ఇవ్వాలని మరీ మరీ చెప్పి వెళ్లాడట. అందుకే కాకా నా మాట వినేదాకా దాన్ని బయటికి తీయలేదు.

ఆయనకి మన కుర్చీ మీద అంత ఆశ ఎందుకు పెద్దమ్మా? నాకొక అనుమానం వస్తోంది, కాగితం మీద పెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఎక్కడికి వెళ్లాడో కాకాకి తెలియదు. చాలా దగ్గుతున్నాడని మాత్రం చెప్పాడు.

వరుణ్ కుర్చీ పంపించేయమంటున్నాడు. నేను పంపనన్నాను. మూడింటికి ఇంకా కిర్రుమంటూనే ఉంది.

సుప్రజ

* * *

విజయవాడ,
11 ఆగస్టు

తల్లీ సుప్రజా,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. ప్రసాద్‌కి ఎప్పటికీ తెలియకూడదు.

నీ అనుమానం నిజం. కర్మ రోజున దానం ఇస్తుంటే వీధికి అవతల దర్జీ దుకాణం చూరు కింద ఒక మనిషి నిలబడ్డాడు. ఎంత గడ్డం పెరిగినా నా మొగుణ్ని నేను గుర్తుపట్టనా? కళ్లు కలిశాయి. అప్పటికి నా బొట్టు తీసేశారు, అదీ చూశారు.

వరదకు ముందు ఆఫీసులో ఆయన మీద విచారణ నడుస్తోంది. తప్పు ఆయనదే. ఉద్యోగం ఊడితే మాకు దిక్కు లేదు. ఉద్యోగంలో ఉండగానే వరదలో పోతే కొడుక్కి ఉద్యోగం ఇస్తారు. అలాగే ఇచ్చారు కూడా. ఆయన ఎందుకు పోయారో పన్నెండేళ్లు తెలియని నాకు, ఆ క్షణాన తెలిసింది. పేరు పెట్టి పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పక్కన ప్రసాద్, వాడి వెనక నెలలు నిండిన కోడలు. పంతులుగారు “ధార పోయండమ్మా” అన్నారు. పోశాను. బతికున్న మనిషిని చూస్తూ పోశాను. మళ్లీ తలెత్తేసరికి ఆయన లేరు. వాళ్ల నాన్న కోసం బతికినన్నాళ్లూ ఏడుస్తాడు గదా ప్రసాద్, వాడి మొహం నేను సరిగ్గా చూసి ఏడేళ్లయింది.

ఏటా శ్రావణ పౌర్ణమికి వాడు తద్దినం పెడతాడు. మేడ మీద పిండం పెట్టి కాకి కోసం పిలుస్తూ నిలబడతాడు. ఆరేళ్లలో అది ఒక్కసారీ రాలేదు. నాన్న ఆత్మకి ఏం లోటు చేశానమ్మా అని వాడు కుమిలిపోయేవాడు. పంతులుగారు దర్భతో ముట్టించి కానిచ్చేవారు. నేను వంటింట్లో తలుపు చాటున నిలబడి, ఇంకా ఉన్నారు, ఇంకా ఉన్నారు అనుకునేదాన్ని. నేను బతికింది దాని మీదే.

మొన్న శనివారం మాత్రం ఆకు కింద పెట్టి వాడు చెయ్యి తీయకముందే కాకి వచ్చి ముట్టింది. ప్రసాద్ మెట్లు దిగుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నాన్న తృప్తిపడ్డారమ్మా అని నన్ను పట్టుకున్నాడు. నేనూ వాడితో పాటు నవ్వాను.

నువ్వు ఆ మిల్లు ఎక్కడో కనుక్కుని ఉంచు. నీ ఇల్లు చూసి వస్తానని ఇక్కడ చెప్పాను. శుక్రవారం బయల్దేరుతున్నాను.

మీ పెద్దమ్మ
వెంకటసుబ్బమ్మ