రెండో వన్స్ మోర్

కృష్ణా జిల్లా గుడివాడ పట్టణంలో కాపురముంటున్న, కీర్తిశేషులు వేములపల్లి రాఘవయ్యగారి కుమారుడు, రైసుమిల్లు నడిపి మానుకున్న వేములపల్లి కాంతారావు అనే నేను, డెబ్బై నాలుగో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా, మనసు నిలకడగా ఉన్న స్థితిలో, నా ఇష్టప్రకారం రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినది రద్దు. మనసు నిలకడ విషయంలో నా భార్య ఇందిరకు అనుమానం ఉంది. ఒకే కత్తియుద్ధాన్ని యాభై ఏళ్లుగా చూస్తున్న మనిషికి నిలకడ ఎక్కడిదని ఆమె ప్రశ్న. డాక్టరు మాత్రం ఉందనే రాసిచ్చాడు.

ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా కుమారుడు భరత్‌ది. చదివేవారికి ఒక సంగతి ముందే చెప్పాలి. నేను ‘నల్లఓడ నాయకుడు’ అభిమాన సంఘం అధ్యక్షుణ్ని. అది బందరు రేవు చుట్టూ నడిచే నవల. మొదట నలుపు తెలుపులో, తర్వాత రంగుల్లో సినిమాగా తీశారు. ఈమధ్య ఫోన్లలో సిరీస్‌గా కూడా వస్తోంది. నాటకంగా ఆడుకునే హక్కును రచయిత కుటుంబం వారు నా పేరిట రాసిచ్చారు. ఓడ తెరచాప కొయ్య మీద నాయకుడు కత్తిని గాల్లోకి ఎగరేసి, గిర్రున తిరిగి, మళ్లీ అదే కుడిచేత్తో అందుకునే ఘట్టం ఒకటుంది. అది చూడడానికే పుట్టామని మా సంఘం వాళ్ల నమ్మకం.

1. నేను ఉంటున్న ఇల్లు, మిల్లులో నా వాటా నా భార్య ఇందిరకు చెందుతాయి. ఆమె జీవితాంతం సర్వహక్కులతో అనుభవించవలసింది. పెళ్లయిన కొత్తలో సముద్రం చూపిస్తానని బందరు తీసుకెళ్లి, వరసగా రెండు ఆటలు అదే సినిమాకు కూర్చోబెట్టాను. తెర మీద సముద్రం కనిపించింది కదా అని బస్సెక్కించి తీసుకొచ్చాను. నేను ఆ మాట నిలబెట్టుకోకుండానే పోతే, భరత్ ఆమెను మంగినపూడి సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి, ఆమె చాలనేదాకా కూర్చోనివ్వాలి.

2. కృత్తివెన్ను దగ్గరి రొయ్యల చెరువులు భరత్‌కు చెందుతాయి. వాడు సిరీస్‌ను అన్నం తింటూ, స్పీడు పెంచి చూశాడు. కత్తియుద్ధం ఎలా ఉందిరా అంటే, ఏ కత్తియుద్ధం నాన్నా అన్నాడు. చెరువులను రొయ్యల పేరునే రాసేద్దామనిపించింది. వాడు మంచివాడు కాబట్టి మనసు మార్చుకున్నాను.

3. బందరు థియేటరు గోడ మీంచి నేను స్వయంగా ఊడదీసుకొచ్చిన నలుపు తెలుపు సినిమా పోస్టరు నా స్నేహితుడు ఆనందరావుకు. అతను రంగుల సినిమా పక్షం. మా సినిమాలో నాయకుడి మీసం ఒక చోట జారిందని అతను, వాళ్ల సినిమాలో దూకినవాడు డూపని నేను, అతని కూతురి పెళ్లి భోజనాల దగ్గర కూడా కేకలేసుకున్నాం. పోస్టరులో మీసం సరిగ్గానే ఉంది, రోజూ చూసుకోమనండి. నా గుండె ఆపరేషన్ తర్వాత మంచం పక్కన కూర్చుని నవలంతా చదివి వినిపించింది కూడా అతనే. పోట్లాడదగ్గ చోట్లు వచ్చినా పోట్లాడలేదు. నేను దాన్ని మర్చిపోలేదు.

4. ఇక ఈ వీలునామా మార్చి రాయడానికి అసలు కారణం. మొన్న ఫిబ్రవరిలో అవనిగడ్డలో మా నాటకం ఆడాం. నాయకుడి వేషం దీవెనది. నాగాయలంక ప్రభాకర్ కూతురు, గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతోంది. ఆడపిల్ల నాయకుడేమిటని మొదటి రిహార్సల్లో ముఖం చిట్లించిందీ నేనే, ఆమె కత్తి ఎగరేసి అందుకున్నాక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందీ నేనే.

అవనిగడ్డలో ఆ పిల్ల వెదురు నిచ్చెన మీద నిలబడి ఆ ఘట్టం చేసింది. నేను ముందు వరసలో లేచి వన్స్ మోర్ అన్నాను. పద్యానికి వన్స్ మోర్ కొట్టడం మన నాటకాల్లో మామూలే. నటుడు గుక్క తిప్పుకుని మళ్లీ రాగం తీస్తాడు, ఎవరికీ నష్టం లేదు. కత్తియుద్ధానికి కొట్టడం మాత్రం మేము టూరింగ్ టాకీసుల్లో నేర్చుకున్న విద్య. మేము గోల చేస్తే ఆపరేటరు రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేసేవాడు. ఎన్నిసార్లు వేయించినా తెర మీది నాయకుడు అదే హుషారుతో ఎగిరేవాడు. రీలుకు చెయ్యి నొప్పి పుట్టదు.

దీవెన రెండోసారి చేసింది. మొదటిసారికంటే బాగా చేసింది. ఆయాసంతో భుజాలు ఎగసిపడుతుంటే నా వైపు చూసి దణ్ణం పెట్టింది. ఇక చాలండీ అంటోందని నాకు అర్థమైంది. అర్థమయ్యాకే రెండో వన్స్ మోర్ అరిచాను. నన్ను చూసి హాలంతా అందుకుంది. ఈసారి నిచ్చెన మీద ఆమె కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది.

నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆసుపత్రిలో ప్రభాకర్ నాకు కుర్చీ వేసి, “మా పిల్ల అదృష్టమండీ, మీ చేత రెండుసార్లు వన్స్ మోర్ అనిపించుకుంది” అన్నాడు. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. కట్టు విప్పాక ఆ మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. వేషం ఇంకెవరికైనా ఇవ్వమని దీవెనే కబురు పంపింది. నాటకంలో ఒక్క వేటు కూడా సినిమాకు తేడా రాకూడదన్నది మా సంఘం నియమం. కుడి చెయ్యి పనిచెయ్యనివాళ్లు నాయకుడు కాలేరు. ఆ నియమం పెట్టింది కూడా నేనే. ఆమె చెయ్యి విరగ్గొట్టి, వేషం కూడా లాక్కున్నవాణ్నయ్యాను.

5. కాబట్టి నా పేరిట ఉన్న నాటక హక్కు మొత్తం దీవెనకు చెందుతుంది. పై నియమం రద్దు. కత్తి ఏ చేత్తో పట్టుకోవాలో, ఎగరెయ్యాలో వద్దో, అసలు యుద్ధం ఎంతసేపుండాలో ఆమె ఇష్టం. సినిమాలో ఇలా లేదే అని లేచే సభ్యుణ్ని సంఘం నుంచి తీసెయ్యాలి. ఆ లేచేవాడు ఆనందరావే అయి ఉంటాడు, రెండు రోజులాగి మళ్లీ చేర్చుకోండి.

6. ఇంతవరకు రాసి ఇందిరకు చదివి వినిపించాను. “అయితే ఆ పిల్ల మళ్లీ వేషం కట్టాలంటే ముందు మీరు పోవాలన్నమాట” అంది. మర్నాడు నాగాయలంక వెళ్లాను. ఆ రోజు నీ దణ్ణం నాకు అర్థమైందమ్మా, అర్థమయ్యే అరిచాను అని దీవెనతో చెప్పాను. ఆమె తన మణికట్టు కేసి చూసుకుంది. “తెలుసు మావయ్యగారూ” అంది. ఫర్వాలేదు అనలేదు. అంటుందేమోనని ఎదురుచూసినందుకు కూడా నాకిప్పుడు సిగ్గుగానే ఉంది.

అందువల్ల అయిదో క్లాజు నా తదనంతరం కాకుండా, విడిగా రాసిచ్చిన కాగితం ప్రకారం ఈ సంతకం నాటినుంచే అమల్లోకి వస్తుంది. డిసెంబరులో బందరులో ఆమె ఎడమచేత్తో ఆడుతుంది. దానికి ఆమె ఒక షరతు పెట్టింది. “మీరు ముందు వరసలో వద్దండీ. పక్కన వింగులో తెర తాడు పట్టుకుని నుంచోండి. నేను చాలన్నప్పుడు దించెయ్యాలి, అంతే” అంది. ఒప్పుకున్నాను. వింగులోంచి కత్తియుద్ధం సరిగ్గా కనిపించదు, ఆమె ముఖం కనిపిస్తుంది.

7. నేను పోయాక ఆ తాడు పట్టుకునే పని నా కుమారుడు భరత్‌కు రాసిస్తున్నాను. హాలంతా లేచి అరిచినా వాడు అటు తిరగకూడదు. ఆ పిల్లనే చూస్తూ ఉండాలి.

ఇది నేను చదువుకుని, సమ్మతించి, కింది సాక్షుల ఎదుట చేసిన సంతకం.

గుడివాడ, 18 ఆగస్టు 2025
(సం.) వేములపల్లి కాంతారావు

సాక్షులు:
1. సౌభాగ్యమ్మ, విశ్రాంత ఉపాధ్యాయిని, గుడివాడ
2. ప్రభాకర్, దీవెన తండ్రి, నాగాయలంక