ముఖియా లేని కూటమి

వునిమోలి, జూన్ 1917

ప్రియమైన మీకు,

మీరు ఓడెక్కిన మర్నాటినుంచే ఇక్కడ వాన పట్టుకుంది. చెరుకుకి మంచిదే గానీ మన ఇంటి కప్పుకి కాదు. లోవులో మీ అన్నగారింట్లో తిండి సరిగ్గా సాగుతోందా? చెరుకు మిల్లు పనిలో పడి అన్నం మానెయ్యకండి.

బడిలో ఒక సంగతి జరిగింది. మున్సామి కూతురు పార్బతి మీకు తెలుసు కదా. పోయినేడు మద్రాసు ఓడలో వచ్చి ఈ దీవుల్లో దిగారు. తండ్రికి గిర్మిట్ ఐదేళ్ళ ఒప్పందం ఇంకా తీరలేదు, కూలీల లైన్లలోనే ఉంటారు. మన రామ్ నారాయణ మాస్టరు లెక్క అడిగితే ఆ పిల్ల "పదిహేడు" అంది. సరైన జవాబే. ఆయనకి తెలుగు రాదు. ఎదురు మాట్లాడుతోందనుకుని అరచెయ్యి వాచేలా కొట్టాడు. ఆ రోజునుంచి పిల్ల బడికి రాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా వెళ్ళి అడిగాను.

"సరైన జవాబుకా మాస్టర్జీ, దెబ్బ?"

"హమ్మే నహీ మాలూమ్, బహినీ. తిడుతోందనుకున్నా." చేతిలో సుద్దముక్క పక్కన పెట్టి, "నాకెలా తెలుస్తుంది మరి?" అన్నాడు. దబాయించడానికి కాదు, నిజంగానే అడిగాడు.

ఆ ప్రశ్న మీదే మా కూటమి మొదలైంది. హిందీలో చెప్పే రామ్ నారాయణ, అరవం తెలిసిన సుబ్రమణి, చిన్నపిల్లల్ని చూసే విమ్లా, రెండో తరగతి చెప్పే నేను. శుక్రవారం బడి అయ్యాక వరండాలో చాప వేసుకుని కూర్చుంటున్నాం. ఆ వారం తను చెప్పలేకపోయిన పాఠం ఏదో ప్రతివాళ్ళూ ఒకటి చెప్పాలి. మిగతావాళ్ళు దాని గురించి ఆలోచించాలి. అక్కడ అన్న మాట బయటికి పోకూడదు. ముఖియా అంటూ ఎవరూ ఉండరు, పెద్దరికం ఎవరిదీ కాదు. ఐదుగురు దాటితే రెండు కూటములుగా విడిపోవాలి. ఇవన్నీ నేనే పెట్టాను. నవ్వుతున్నారా? నవ్వండి.

మీ
కౌశల్య


లోవు, జూలై 1917

ప్రియమైన కౌశల్యా,

నవ్వలేదు. నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. మిల్లులో రోలర్ల మోతకి చెవులు గింగురుమంటున్నాయి. ఇంటికొచ్చాక వదిన పిలిచినా వినపడటం లేదు. కోపంతో పలకడంలేదని ఆవిడ అనుకుంటోంది.

ఇక్కడికీ నీ కబురు చేరింది. "ఏం మునియ్యా, నీ భార్య మాస్టర్లకే మాస్టరటగా?" అని మిల్లులో వాళ్ళు అడుగుతున్నారు. నేను నవ్వి ఊరుకుంటున్నాను. నువ్వు చేసేది మంచి పనేనని నాకు తెలుసు. కాకపోతే కొంచెం చూసుకుని నడుచుకో. బడి కమిటీవాళ్ళకి చెప్పే చేస్తున్నావా? కమిటీ పెద్ద భగవాన్ వచ్చే నెల తన కొట్టుకి సరుకు కొనడానికి మా పక్కనే ఉన్న లౌటోకా వస్తున్నాడట.

కప్పు సంగతి మన పక్కింటి వీరస్వామికి చెప్పు, నా మాటగా.

నీ
మునియ్య


వునిమోలి, ఆగస్టు 1917

ప్రియమైన మీకు,

కప్పు నేనే కప్పించాను.

పార్బతి తిరిగి వచ్చింది! రామ్ నారాయణ మాస్టరు తెలుగు అంకెలు ఇరవై దాకా నేర్చుకున్నాడు. లైన్లకి వెళ్ళి మున్సామి గుమ్మం ముందు నిలబడి పిల్లకి అవన్నీ చదివి వినిపించాడు. "పదహేడూ" అని దీర్ఘం తీస్తుంటే పిల్ల నవ్వు ఆపుకోలేకపోయిందట. తీసివేతలు తన తరగతికి ఎక్కడం లేదని సుబ్రమణి చెప్పుకుంటే, విమ్లా చెరుకు ముక్కలు తెచ్చి ఎలా చెప్పాలో చూపించింది. ఏటి అవతలి బడినుంచి ఇద్దరు మాస్టర్లు వచ్చి చేరారు. ఆరుగురమయ్యాం కాబట్టి రెండుగా విడిపోయాం.

ఇక అసలు సంగతి రాస్తాను.

సువానుంచి బడుల ఇనస్పెక్టరు దొర వచ్చాడు. పిల్లల్ని చూసి, ఇంత మార్పు ఎలా వచ్చిందని అడిగాడు. భగవాన్ ముందుకొచ్చి, "మా మేనల్లుడు రామ్ చంద్ర ఆలోచన, సాహెబ్" అన్నాడు. ఆ రామ్ చంద్ర మా చాప మీద కూర్చున్నది ఒకే ఒక్క రోజు, ఆ కాసేపూ ఆవులిస్తూనే ఉన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. దొర రామ్ చంద్ర చెయ్యి పట్టుకుని ఊపాడు.

భగవాన్ అంతటితో ఆగలేదు. ఇకనుంచి చిన్న కూటములు వద్దట, అందరూ కలిసి ఒకే పెద్ద సభ అట. కుర్చీలో ముఖియా కూర్చోవాలట. ఎవరు ఏ పాఠం చెప్పలేకపోయారో ముఖియా కమిటీకి చెప్పాలట! అలాగైతే ఇక నోరు విప్పేదెవరు? రామ్ నారాయణ ఆ రోజు తన తప్పు ఒప్పుకునేవాడా? పార్బతి తిరిగి వచ్చేదా? ఇది నా పని. నా చేతుల్లోంచి లాక్కుంటుంటే చూస్తూ ఊరుకోను.

మీ
కౌశల్య


లోవు, సెప్టెంబరు 1917

ప్రియమైన కౌశల్యా,

ఓపిక పట్టు. పేరు ఎవరిదైతేనేం, పని జరుగుతోంది కదా. కమిటీతో గొడవ పెట్టుకుంటే నెగ్గలేం. భగవాన్ మరీ అంత చెడ్డవాడు కాదు. ఇక్కడ ఎండ బాగా కాస్తోంది. ఉత్తరం పొట్టిగా ఉందని ఏమనుకోకు, పని ఎక్కువగా ఉంది.

నీ
మునియ్య


వునిమోలి, సెప్టెంబరు 1917

మునియ్యగారికి,

మీ ఓపిక సంగతి ఇప్పుడు అర్థమైంది.

నిన్న భగవాన్‌ని నిలదీశాను. ఆయన తాపీగా పళ్ళు కుట్టుకుంటూ ఏమన్నాడో వినండి. "గుస్సా ఎందుకు, బహినీ? తుమార ఆద్మీనే అడిగాను. లోవులో పదిమంది ముందు సరే అన్నాడు. మొగుడే ఒప్పుకున్నాక నువ్వెవరు మాట్లాడటానికి?"

విమ్లా అక్కడే ఉంది, సుబ్రమణి కూడా ఉన్నాడు. నేను వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

నిజమేనా? ఎండల గురించి రాయకండి, మిల్లు గురించి రాయకండి. అన్నారా, లేదా? ఆ బడిలో మీరు ఒక్క పూట చదువు చెప్పారా? ఆ చాప మీద కూర్చున్నారా? మీది కానిది ఇచ్చెయ్యడానికి మీకు నోరెలా వచ్చింది?

కౌశల్య


లోవు, అక్టోబరు 1917

ప్రియమైన కౌశల్యా,

నువ్వు నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి. ఆ మూడక్షరాల ముందు చాలాసేపు కూర్చున్నాను.

అన్నాను. నిజమే.

ఒక ఆదివారం మిల్లువాళ్ళం అందరం యంగోనా గిన్నె చుట్టూ కూర్చుని ఆ వేరు కషాయం తాగుతున్నాం. భగవాన్ వచ్చి కూర్చున్నాడు. రెండు కొబ్బరిచిప్పలు తాగి, "మునియ్యా, మీ ఇంట్లో మాటెవరిది?" అన్నాడు. అందరూ నా మొహం చూశారు. "నాదే" అన్నాను. "అయితే మా రామ్ చంద్ర ముఖియాగా ఉంటాడు, సరేనా?" అన్నాడు. వల పన్నాడని అప్పుడే తెలిసింది. అయినా సరే అన్నాను. నన్ను చూసి నవ్వుతారని భయపడ్డాను, అంతే. ఆ తర్వాతే నీకు ఓపిక పట్టమని రాశాను.

నీ ఉత్తరం అందిన ఆదివారం మళ్ళీ అదే చోట, వాళ్ళ ముందే చెప్పాను. "ఆ మాట నాది కాదు. ఇచ్చే హక్కు నాకు లేదు. వెనక్కి తీసుకుంటున్నా" అన్నాను. "ఏం భాయ్, పెళ్ళానికి భయపడ్డావా?" అని ఒకడు అరిచాడు. "అవును" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నవ్వనీ. భగవాన్‌కి కూడా ఇదే రాసి పంపాను. అది సభ సమయానికి అందకపోవచ్చు.

నీ
మునియ్య


వునిమోలి, నవంబరు 1917

ప్రియమైన మీకు,

సమయానికి అందలేదు. మీ ఉత్తరం వచ్చేసరికి సభ అయిపోయింది.

భగవాన్ బడిలో కుర్చీ వేయించాడు. "కౌశల్య స్థానంలో ఈ రోజునుంచి రామ్ చంద్ర ముఖియా" అన్నాడు. నేను అనవలసిన మాటలన్నీ కూడబెట్టుకుని వెళ్ళాను గానీ, నేను లేచేలోపే రామ్ నారాయణ లేచాడు.

"కౌశల్య బహినీ ముఖియా కాదే, భగవాన్ భాయ్. మాకు ముఖియా అంటూ లేడు. లేని స్థానంలో మీవాణ్ణి ఎలా కూర్చోబెడతారు?"

"చాప మీద చోటుంది, రమ్మనండి" అంది విమ్లా. "కానీ తను చెప్పలేకపోయిన పాఠం ఒకటి చెప్పాలి."

అందరూ రామ్ చంద్రకేసి చూశారు. "నేను చెప్పలేని పాఠం లేదు" అన్నాడు.

"అయితే మీకిక్కడ పనేం లేదు" అన్నాడు సుబ్రమణి. వెనక కూర్చున్న తల్లులు నవ్వేశారు. భగవాన్ మొహం నల్లబడింది. నావైపు తిరిగి, "ఇదంతా నువ్వు నూరిపోసిందే. రేపటినుంచి బడికి రాకు" అన్నాడు.

ఇంటికొచ్చాక నాకు వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది. ఒక్కరైనా నా పేరు ఎత్తారా? ఇదంతా మొదలుపెట్టింది కౌశల్య అన్నారా? వాళ్ళు కాపాడింది కూటమిని. నన్ను కాదు. రెండు రోజులు అన్నం సహించలేదు. తర్వాత ఆలోచిస్తే, ముఖియా ఉండకూడదని నియమం పెట్టింది నేనే. వాళ్ళు దాన్ని నాకంటే గట్టిగా నమ్మారు.

శుక్రవారం విమ్లా వచ్చి నన్ను వాళ్ళింటికి లాక్కెళ్ళింది. వాళ్ళ వరండాలో కూర్చున్నాం. ఏటి అవతలివాళ్ళ కూటమి కూడా ఆగలేదట.

నా తరగతి రామ్ చంద్రకి ఇచ్చారు. పిల్లలు నోరు తెరవడం లేదు. పార్బతి మళ్ళీ రానంటోందని మున్సామి చెప్పి బాధపడ్డాడు. మొన్న శనివారం భగవాన్ స్వయంగా మన మెట్ల దాకా వచ్చాడు. "రా, బహినీ. ఇనస్పెక్టర్ మళ్ళీ వస్తే మాత్రం రామ్ చంద్ర పేరే చెప్పాలి."

"అతని పేరూ వద్దు, నా పేరూ వద్దు" అన్నాను. "ఎవరి పేరూ చెప్పకండి."

"పేరు లేకుండా ఏ పనైనా ఉంటుందా?" అని విసుక్కుని వెళ్ళిపోయాడు. రమ్మన్నట్టో వద్దన్నట్టో తెలియలేదు.

మీరు అందరిలో చెప్పిన మాట చదివాను. కోపమంతా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. సగం పోయింది. మిగిలిన సగం సంగతి చెరుకు క్రషింగ్ అయిపోయి మీరు ఇంటికొచ్చాక ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందాం. త్వరగా రండి.

సోమవారం పొద్దున్న నేను చీర మార్చుకుని బడికి వెళ్ళాను. గుమ్మంలో రామ్ చంద్ర ఉన్నాడు. నేను ఆగలేదు. అతనే పక్కకి జరిగాడు. లోపలికెళ్ళి నా తరగతిలో కూర్చున్నాను. ఇవాళ గురువారం. ఇంతవరకూ నన్నెవరూ లేవమనలేదు.

మీ
కౌశల్య