సున్నా చూపించిన మీటరు

చిరంజీవి పిడుగుకి,

అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అంటే ముగ్గురి బీపీలూ వాటి వాటి హద్దుల్లో ఉన్నాయని అర్థం. నీ క్షేమం మాత్రం మర్యాదకి అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను. మూడోసారి తీసిన రక్తం లెక్క వచ్చిందా? తెల్లకణాలు ఎన్ని? "బాగానే ఉంది అమ్మమ్మా" అని కబురు పెట్టకు. అంకె చెప్పు. ముప్పై రెండేళ్ళు ప్రభుత్వం జీతమిచ్చి నాచేత అంకెలు చదివించింది. వాటిలో "బాగానే" అన్న అంకె నాకెక్కడా తగల్లేదు.

నీ ఉత్తరం శనివారం అందింది. నిన్న నువ్వు ఫోన్ చేసి "చదివావా? ఏమంటావు?" అనగానే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి పెట్టేశాను. పాలు లేవు. అసలు పొయ్యే వెలిగించలేదు. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో "ఆగు అమ్మమ్మా" అంటావు. ఒకసారి ఆగితే నేను మళ్ళీ మొదలుపెట్టలేను. అందుకని కాగితం. రేపు పొద్దున్నే మీ అమ్మ నీ దగ్గరికి బయలుదేరుతోంది, కవరు దాని చేతికే ఇస్తున్నాను. గట్టిగానే అంటించాను గానీ, అది నా కూతురు. దారిలో విప్పకుండా ఉంటుందన్న భ్రమ నాకు లేదు. చదవనీ. దానికీ చెప్పాల్సిన మాటే ఇది. అందుకే నీకు తెలిసినవి కూడా కాస్త విడమరిచి రాస్తాను, విసుక్కోకు.

ముందు నీ ప్రశ్నలు. మోకాలు ఎలా ఉందన్నావు. నా వెనకే అదీ రిటైరయ్యేలా ఉంది. తాతయ్య చెవి మిషన్ పెట్టుకుంటున్నాడా అన్నావు. పెట్టుకోడు. ఇంట్లో శాంతికి అదొక్కటే ఆధారం, నువ్వు మళ్ళీ ఆయనకి నచ్చజెప్పకు. జరిగింది అమ్మకి చెప్పావా అన్నావు. చెప్పాను. రెండు గంటలు నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత మాట్లాడింది. మొదటిదే నయం. "దాన్ని ఈ ఉద్యోగంలోకి దింపింది నువ్వే కదమ్మా, ఇప్పుడు గుమ్మంలో నిలబడి గుటకలు మింగితే ఏం లాభం?" అంది. నా నోటికి తగిన కూతుర్నే కన్నాను.

నీకెప్పుడైనా భయం వేసిందా అని అడిగావు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరడిగినా లేదనే చెప్పాను. ఇప్పుడు చెబుతున్నాను విను. వంటింటి క్యాలెండరులో పోయిన మంగళవారం చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. మీ అమ్మ అది గ్యాస్ బుక్ చేసిన రోజనుకుంది. ఇవాళ్టికి ఆరో రోజు. ఫోన్ మోగితే చెయ్యి వెళ్ళదు, మోగకపోతే ప్రాణం నిలవదు. నిన్న అన్నం తింటూ నా వేళ్ళనే చూసుకుంటూ ఉండిపోయాను, ఎర్రబడ్డాయేమోనని. షెడ్డు దగ్గర ఉన్నది నువ్వు, చూసుకుంటున్నది నా వేళ్ళు. నీతో వచ్చిన ఆ టెక్నీషియన్ వేళ్ళు ఎవరు చూస్తున్నారో నువ్వు ఉత్తరంలో రాయలేదు.

జరిగింది ఒకసారి నా మాటల్లో చెబుతాను, తప్పుంటే దిద్దు. లోహపు గొట్టాల అతుకుల్లో పగుళ్ళున్నాయేమో ఫోటో తీసే పెట్టె ఉంటుంది. దానిలోని సోర్సు, అంటే రేడియేషన్ వెదజల్లే ముక్క, మినపగింజంత ఉంటుంది. ఫోటోకి అది ఒక రబ్బరు గొట్టంలోకి వస్తుంది, పని అయ్యాక బుద్ధిగా ఆ సీసపు పెట్టెలోకి తిరిగి వెళ్ళాలి. మంగళవారం ఆ ఫ్యాక్టరీ షెడ్డులో అది వెళ్ళిందో లేదో తేలక, ఇలాంటివి తనిఖీ చేసే మీ ఆఫీసుకి కబురు చేశారు. నువ్వూ టెక్నీషియనూ వెళ్ళారు. రేడియేషన్ కొలిచే కొత్త మీటరు పరీక్షకి పంపారని బీరువాలో ఉన్న పాతది ఇచ్చారు. గేటు దగ్గర టకటకమన్న మీటరు తలుపు దగ్గర సున్నా చూపించింది. సోర్సు పెట్టెలోకి వెళ్ళిపోయిందనుకుని "వెళ్ళండి, ఏం లేదు" అన్నావు. అతను వెళ్ళి, దారికి అడ్డంగా ఉన్న రబ్బరు గొట్టాన్ని చేత్తో పక్కకి జరిపాడు. ఈలోగా నువ్వు జేబులోంచి, ఒంటికి ఎంత తగిలిందో చూపించే పెన్ను డోసిమీటరు తీసి వెలుతురుకి పెట్టి చూశావు. గీత ఆ చివర దాటిపోయింది. అరిచావు. ఇద్దరూ పరుగెత్తారు. సోర్సు ఆ గొట్టంలోనే ఉంది.

నిమిషానికోసారి పెన్ను చూడమని నిన్ను పోరి పోరి చంపాను. ఎందుకో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నీ చివరి ప్రశ్నే నాకు నిద్ర లేకుండా చేసింది. శుక్రవారానికల్లా రిపోర్టు ఇవ్వాలి. మీ పెద్దసారు ఏమన్నారో మాట పొల్లుపోకుండా రాశావు: "నీది ఇంకా ప్రొబేషను. టెక్నీషియన్ నీ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళాడని రెండు వాక్యాలు రాసెయ్, నీకూ గొడవ ఉండదు, అతనికీ పర్మనెంటు ఉద్యోగం కాబట్టి ఓ మెమోతో పోతుంది." పైగా ఆ టెక్నీషియనే వచ్చి "అలాగే రాసెయ్యండి మేడమ్, నాదేముంది" అన్నాడట. దాని కింద నువ్వు ఒక్క వాక్యం రాశావు: "నువ్వయితే ఏం రాసేదానివి అమ్మమ్మా?"

ఈ పేరా కోసం రెండు కాగితాలు చింపాను. మూడోది ఇది.

కుడిచేతికి ఎప్పుడూ తొడుగు వేసుకుని తిరిగే మన తొడుగు మామయ్య వేళ్ళు ఎలా పోయాయో నీకు తెలిసిన కథ ఒకటుంది. నీకు సైకిలు నేర్పుతూ ఆయనే చెప్పాడు, "మిషన్‌ని తిట్టానమ్మా, కరిచింది" అని. మీ అమ్మకి తెలిసిన కథ వేరు: నేను చెప్పకముందే తొందరపడి లోపలికి వెళ్ళాడని. ఆఫీసు ఫైల్లో ఉన్నదీ అదే. రెండూ అబద్ధాలే. ఆయన చెప్పిన దాంట్లో కనీసం ఎవరి మీదా నింద లేదు.

ముప్పై మూడేళ్ళ కిందట, పొద్దున పదకొండు గంటలప్పుడు, ఇలాంటి షెడ్డే. మీ తొడుగు మామయ్య అప్పుడు నా టెక్నీషియన్, ఇరవై ఏడేళ్ళవాడు. మీటరు గేటు దగ్గర గోల చేసింది, తలుపు దగ్గర ముల్లు సున్నాకి పడింది. రేడియేషన్ మితిమీరిన చోట ఆ రకం మీటరు ఉక్కిరిబిక్కిరై, లెక్కపెట్టలేక సున్నా చూపిస్తుందని నేను చదివాను. పరీక్షలో ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ రెండు గంటలు ఎండలో నిలబడి సున్నా కోసమే కాచుకున్నదానికి సున్నా కనబడితే, చదివిన చదువంతా గాలికి పోతుంది. "వెళ్ళు, ఏం లేదు" అన్నాను. నీ మాటలే.

అతను లోపలికి వెళ్ళి, గొట్టాన్ని చుట్ట చుట్టి కుడిచేత్తో పట్టుకుని, పని అయిపోయిందని నాకు చూపించడానికి నవ్వుతూ బయటికి వచ్చాడు. నేను పెన్ను చూసి అరిచేసరికి నలభై సెకన్లు. మూడు వేళ్ళు.

విచారణకి వచ్చినవాళ్ళకి వార్డులో మంచం మీద నుంచి అతనే చెప్పాడు, "మేడమ్ చెప్పకముందే వెళ్ళాను" అని. నేనడగలేదు. వద్దనీ అనలేదు. కాగితం నా బల్ల మీదికి వచ్చింది. కింద "ధ్రువీకరించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. మరుసటి ఏడు నాకు ప్రమోషన్ వచ్చింది. అతన్ని రికార్డు గదికి మార్చారు.

ఇంకా ఉంది. తప్పు మనిషిదని తేలాక మీటరుని ఎవరనుమానిస్తారు? ఆ రకాన్ని వాడుక నుంచి తీసెయ్యమని రాయాల్సిన సీటులో పన్నెండేళ్ళు కూర్చున్నాను. రాస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. అందుకని రాయలేదు. మీ బీరువాలో మిగిలి, పోయిన మంగళవారం నీ చేతికి వచ్చింది ఆ రకమే. దాన్ని నీ చేతిలో పెట్టింది మీ స్టోర్సు గుమస్తా అనుకుంటున్నావు. కాదమ్మా, నేను.

ఇవాళ పొద్దున తొడుగు మామయ్య ఇంటికి వెళ్ళాను. మీ ఆఫీసుకి నేను రాసిన మూడు వాక్యాల ఉత్తరం అతనికి చదివి వినిపించాను: వెళ్ళమన్నది నేనే, ధ్రువీకరించింది అబద్ధం, ఆ రకం మీటర్లు ఎక్కడున్నా వెంటనే తీసెయ్యండి. అతను కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఇప్పుడిది పంపితే నన్ను అబద్ధాలకోరంటారు మేడమ్," అన్నాడు.

"నువ్వు అబద్ధాలకోరువే. నేను నీ పై అధికారిని, అందులోనూ నీకంటే ఒక మెట్టు పైనే," అన్నాను.

నవ్వాడు. నవ్వడం అయ్యాక, "మీరు వెళ్ళమన్నారని నాకెప్పుడూ కోపం లేదు. మీటరు ఏం చూపిస్తే మీరదే చెప్పారు. సంతకం పెట్టారనీ లేదు, ఆ మాట చెప్పింది నేనేగా," అన్నాడు. ఆ తర్వాత తల తిప్పుకున్నాడు. "మీరు వార్డుకి రాలేదండీ. అందరూ వచ్చారు. ఆఖరికి క్యాంటీనాయన కూడా వచ్చాడు. వేళ్ళు ఏమవబోతున్నాయో తెలిసిన మనిషి ఆఫీసు మొత్తం మీద మీరొక్కరే. మీరొస్తే అడుగుదామని ఎదురుచూశాను."

నేను ఎందుకు వెళ్ళలేదో నీకు చెప్పాలి. పదో రోజు ప్రాంతంలో వేళ్ళు ఎర్రబడతాయని, తర్వాత పొక్కుతాయని నాకు తెలుసు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని సరిగ్గా పదో రోజు నుంచి సెలవు పెట్టాను. కారణం దగ్గర "కుమార్తెకి జ్వరం" అని రాశాను. మీ అమ్మ ఆ వారమంతా నిక్షేపంలా బడికి వెళ్ళి వచ్చింది. ఆ తర్వాత అతనింటికి పండ్లు పంపాను, పిల్లల చదువుకి పుస్తకాలు పంపాను, మనిషిని ఇంట్లో మనిషిలా చూసుకున్నాను. తొడుగు లేని ఆ చేతిని మాత్రం ఇవాళ్టిదాకా చూడలేదు. ఇవాళ అడిగాను. తీసి చూపించాడు.

ఎలా ఉందో రాయను.

ఆఫీసుకి రాసిన ఉత్తరం దారిలోనే రిజిస్టరు పోస్టు చేశాను. తాతయ్యకి చెబితే, "ఇన్నాళ్ళూ నాకూ చెప్పలేదా?" అన్నాడు. నేను చెప్పిన ఆ ఒక్క మాటా ఆయనకి మిషన్ లేకుండానే ఎలా వినబడిందో! అప్పటి నుంచి వరండాలో ఒక్కడే కూర్చున్నాడు. నువ్వెలా ఉంటావో తెలియదు. నా మీద నీకున్న గౌరవమంతా ఈ కవరులో పెట్టి పంపుతున్నట్టుంది, వెనక్కి ఎంత వస్తుందో చూడాలి. కానీ దానికంటే నాకు వేరే భయముంది. ఆ టెక్నీషియన్‌కి నాలుగు రోజుల్లో పదో రోజు వస్తుంది. నువ్వు నా మనవరాలివి. నాలాగే చక్కగా లెక్కపెట్టగలవు.

నేనయితే ఏం రాసేదానినో నీకిప్పుడు తెలిసింది. నువ్వేం రాయాలో నేను చెప్పను, చెప్పే హక్కు ముప్పై మూడేళ్ళ కిందటే పోగొట్టుకున్నాను. ఒక్క పని చెయ్యి. ఈ ఉత్తరం చదవగానే అతను ఉన్న చోటికి వెళ్ళు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చో. రెండు చేతులూ బల్ల మీద చాపమను. ఒక్కొక్క వేలే చూడు. మంటగా ఉందా, తిమ్మిరిగా ఉందా, గోళ్ళ దగ్గర రంగు మారిందా అని అడుగు. "ఏం లేదు మేడమ్" అంటాడు. ఆ మాటకి లేచి వచ్చెయ్యకు. ఇక ముందు ఏం కావచ్చో దాచకుండా చెప్పు. మళ్ళీ రేపు వస్తానని చెప్పు, రేపు నిజంగానే వెళ్ళు. రిపోర్టు కాగితం వెంట తీసుకుపో. ఆ బల్ల మీదే, ఆ రెండు చేతుల పక్కనే పెట్టి, అతను చూస్తుండగా రాయి.

ఇట్లు,
భయపడుతూనే,
నీ అమ్మమ్మ