పద్నాలుగు కుళాయిల ఫైలు

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ నేను, నీ మరదలు, పిల్లలు కులాసాగానే ఉన్నాం. అక్కడ మీరిద్దరూ బాగున్నారని నీ ఉత్తరం చూసి నమ్మాను. బావ మోకాలి నొప్పి మాత్రం నమ్మలేదు. మెట్లెక్కే పని పడినప్పుడే ఆయనకది వస్తుందని లోగడ నువ్వే రాశావు.

చిన్నదానికి దగ్గు తగ్గింది. పెద్దవాడు లెక్కల్లో గట్టెక్కాడు, ఎలాగో అడక్కు. నువ్వు అల్లిన స్వెట్టరు నాకు పొట్ట దగ్గర పట్టలేదు. "మీ అక్క కళ్లకి మీరింకా పదో తరగతే" అంది నీ మరదలు. ఇక ఆ ఫైలు సంగతి. రెండు ఉత్తరాల్లో అడిగావు, రెండుసార్లూ దాటేశాను. ఈసారి మొదటినుంచి రాస్తాను.

మా నీటి పరీక్షల ల్యాబులో ఎనిమిది నెలలపాటు పాత గొట్టం మీది పద్నాలుగు కుళాయిల నీళ్లు పరీక్షించాం. మూడింటిలో సీసం ఉంది, ఉండకూడనంత ఉంది. మూడూ బడి వీధివే, ఒకటైతే బడి లోపలే. ఆ నీళ్లు తెచ్చేది మా మంగళవారం బాబాయి, రిటైరవడానికి రెండేళ్లున్న మనిషి. ప్రతి మంగళవారం ఎవరూ కుళాయి తిప్పకముందే వెళ్లి, గొట్టంలో నిలవున్న మొదటి నీళ్లు పట్టి తేవాలి. ఎవరైనా ముందు లేచి చెంబెడు పట్టుకుంటే ఆ వారం దండగే. ఆయన ఒక్క వారం కూడా దండగ కానివ్వలేదు, అందుకే ఆ పేరు.

అదంతా ముప్పై నాలుగు స్లైడ్లు చేసి నేను నీటి కమిటీకి చూపించాలి. వాళ్లు ఊఁ అంటే గొట్టం మారుస్తారు.

ఆ రోజు ఫైలు తెరుచుకోలేదు. పాడైందని తెరమీద ఒక ముక్క వచ్చి ఆగిపోయింది. పెన్‌డ్రైవు తీసి మళ్లీ పెట్టాను. ఇంకో కంప్యూటర్లో పెట్టాను. రిపేరు చేయమంటావా అని అడిగితే చేయమన్నాను. చేసినట్టే చేసి తెల్ల పేజీ చూపించింది. ఫైలు పేరు మార్చి కూడా చూశాను. పదిహేను మంది నా వీపుకేసి చూస్తూ కూర్చున్నారు.

"కాగితాల మీద లేవా?" అని అడిగాడు కమిటీ పెద్ద.

"రిజిస్టర్లు పరిశీలనలో ఉన్నాయండి" అన్నాడు మా ల్యాబు పెద్దసారు, నేను నోరు తెరిచేలోపే. అవి ఆయన బీరువాలో ఉన్నాయి, తాళం ఆయన దగ్గరే.

"అయితే మళ్లీ పరీక్షలు చేసుకుని వచ్చే ఏడు రండి" అని వాళ్లు లేచిపోయారు.

బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి వరసలో కూర్చున్నాడు. తను పట్టిన నీళ్ల సంగతి తెరమీద చూద్దామని వచ్చాడట. బయటికొచ్చాక నా వీపు నిమిరాడు. "బాధపడకు బాబూ. మిషనే కదా. మనిషి చేసిన మోసం కాదు కదా" అన్నాడు.

నువ్వేమో ఆడలేక మద్దెల ఓడు అంటున్నానేమోనని వేళాకోళం చేశావు. అక్కా, మద్దెలకు చిల్లు పెట్టింది నేనే.

ముందురోజు మధ్యాహ్నం పెద్దసారు నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ గొట్టం వేయించింది ఆయనే, ఇంజనీరుగా ఉన్న రోజుల్లో. "ఆ మూడూ తీసెయ్యవోయ్. పదకొండు కుళాయిలు బాగున్నాయిగా, అవి చూపించు" అని వెళ్లిపోయాడు. తీస్తానని అనలేదు, తీయనని అనలేదు. తీస్తే బడి పిల్లల ఉసురు. తీయకపోతే ఆయన నన్ను బతకనివ్వడు. ల్యాబు కంప్యూటరు అందరిదీ కాబట్టి మా ఫైళ్లు పెన్‌డ్రైవులోనే ఉంటాయి, ఇంకో కాపీ ఉండదు. ఏదో ఒక అంకె మార్చి సేవ్ నొక్కాను. ఎంత సేవ్ అయిందో చూపే గీత సగం దాకా నిండింది. అప్పుడు పెన్‌డ్రైవు పీకేశాను.

పాము చావకుండా, కర్ర విరగకుండా పని జరిగిందనుకున్నాను. తెరుచుకోని ఫైలుతో నేను అబద్ధమూ ఆడక్కర్లేదు, నిజమూ చెప్పక్కర్లేదు. మర్నాడు అంతమందిలో చెమటలు కక్కుతూ దాన్ని బాగుచేస్తున్నట్టు నటించాను. చిన్నప్పుడు నువ్వు చెయ్యెత్తకముందే ఏడుపు లంకించుకునేవాణ్ణి, ఆ విద్య ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇంకా ఉంది. బాబాయే కంప్యూటర్లు బాగుచేసే అతన్ని బతిమాలి, నా దగ్గర పెన్‌డ్రైవు తీసుకుని అతని చేతికిచ్చాడు. వద్దంటే అనుమానం వస్తుందని ఇచ్చాను. నాలుగో రోజు అతను నేరుగా నా దగ్గరికే తెచ్చాడు. "ఒక్కటి తప్ప అన్ని స్లైడ్లూ వచ్చేశాయి సార్. సేవ్ అవుతుండగా ఎవరో పీకేశారు" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంట్లో పిల్లలు లాగేసి ఉంటారన్నాను. నా పిల్లల మీదికే తోశాను. బాబాయికి నేనే చెబుతానని అతన్ని పంపేశాను. మూడు వారాలైంది. చెప్పలేదు.

నిన్న సోమవారం. సాయంత్రం బాబాయి పద్నాలుగు బాటిళ్లు కడిగి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. "మళ్లీ మొదటినుంచి నీళ్లు పడదాం బాబూ. నేను రిటైరయ్యేలోపు అయిపోతుందిలే. చీటీ రాసివ్వు" అన్నాడు.

ఫైలు నా చొక్కా జేబులోనే ఉంది. కాగితం తీసుకుని పద్నాలుగు కుళాయిలూ వరసగా రాసిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"బడి కుళాయి ఆఖరున రాశావేం? ముందు అక్కడికే పోతాను. పిల్లలొచ్చి తాగకముందే పట్టాలి కదా" అన్నాడు.

ఇట్లు,
నీ చేతుల మీద పెరిగిన
తమ్ముడు