మన రక్తమని వేసిన ఫ్లెక్సీ

అన్నయ్యకు,

చెల్లెలు రమణ నమస్కరించి రాసేది. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? కోటయ్య స్వామి దయవల్ల ఇక్కడ నేనూ పెద్దపిల్ల లావణ్యా బాగానే ఉన్నాం. ఫోన్లో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను.

గుంటూరు బ్రాడీపేటలో మా గది రేకుల గది. ఎండ నెత్తి మీదే ఉంటుంది. నాలుగింటికి లేచి దీపం పెట్టి, లావణ్యకు రాగిజావ కాచి గ్రౌండుకు పంపి, హాస్టల్లో వంటకు పోతాను. అంతమందికి వండి వచ్చాక నన్ను తిన్నావా అని అడిగే మనిషి ఉండదు. అయినా బాగానే ఉన్నాం, దిగులు పడొద్దు.

లావణ్యకు రాష్ట్రస్థాయి పరుగులో పతకం వచ్చిందని కిందటి ఆదివారం ఊళ్ళో సన్మానం చేశారు. ఫ్లెక్సీ మీద దాని బొమ్మ కన్నా మన తాత బొమ్మే పెద్దది. పరుగు మా రక్తంలోనే ఉందని మైకులో చెప్పావు. భోజనాల దగ్గర, నీ ఇంట్లో ఉంటున్న నా చిన్నపిల్ల శిరీష తనూ గుంటూరు వస్తానంది.

"నీది మీ నాన్న పోలిక. ఆ పొట్టి కాళ్ళతో ఏం పరిగెడతావే? మిరపకాయలు కోసుకో" అన్నావు.

అందరూ నవ్వారు. పిల్ల విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

తొమ్మిదో తరగతిలో నన్ను జిల్లా పోటీలకు పంపమని డ్రిల్లు మాస్టారు ఇంటికొస్తే, ఊరి ముందు పరిగెడితే కాళ్ళు విరగ్గొడతానన్నది నువ్వే. అప్పుడు నాలో ఉన్నది ఎవరి రక్తం అన్నయ్యా?

తాత కాళ్ళు లావణ్యకు వచ్చే ఉంటాయి, కాదనను. మరి ఆ ఏడు హైబ్రిడ్ మిరప పండుకాయల్లోంచి గింజ తీసి, మన చేలో కాసిందేగా, మళ్ళీ అలాగే కాస్తుందని నారు పోశావు. ఒక మొక్క నడుమెత్తు, పక్కది మోకాలెత్తు. గట్టు మీద కూర్చుని ఏడ్చావు. అయినా ఆ పొట్టి మొక్కల్ని పీకెయ్యలేదు, నీళ్ళు కట్టావు. మేనకోడలికి ఆపాటి చెయ్యలేవా?

వచ్చే శుక్రవారం మొదటి బస్సుకు వస్తాను. శిరీష బట్టలు సర్ది ఉంచమని వదినకు చెప్పు. దానికి పరుగు రాకపోతే రాలేదని నేను చెబుతాను. నువ్వు చెప్పొద్దు.

పెద్దమ్మకు నా దండాలు. కోపంతో రాసినా నీ దీవెన కోరే చెల్లెలినే. ఈ కాగితాలు చించొద్దు, ఎవరికీ చూపించొద్దు, వదినకు కూడా. బీరువాలో దాచు. మళ్ళీ నీ చేతికి మైకు ఇచ్చిన రోజు తీసి చదువుకో.

రమణ