మిగిలిన దెబ్బలు

బాపూ,

నువ్వు పోయి ఆరు నెలలు. అక్కడెలా ఉన్నావని అడగను. నీ మీద కోపంతో ఒళ్లు మండుతుంటే క్షేమసమాచారాలు ఎలా రాసేది?

జనగామ హాస్టల్ స్కూల్లో నీ ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌కి ఇప్పుడు ఫిజిక్స్ చెబుతున్నది నేనే. మొదటి రోజు బోర్డు మీద బాణం గుర్తు గీయడానికి చెయ్యెత్తానో లేదో, ముందు బెంచీ పిల్లలంతా తలలు వంచి మోచేతులు అడ్డం పెట్టుకున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు బాపూ...

"దెబ్బ పడితెనే దిమాక్ కదులుతది బిడ్డా. రేపు ఐఐటీల సీటొస్తె గీ సారుకే దండం పెడ్తరు" అనేవాడివి. తప్పు జవాబుకు ఒక మార్కు కోత, కోసిన ప్రతి మార్కుకూ ఒక దెబ్బ. ఆ నియమం పెట్టింది నువ్వే. ముందు ఇంట్లో నా అరచేతుల మీద అలవాటు చేసుకున్నావు. నీకు ఎప్పుడూ చెయ్యి నొప్పి పుట్టలేదా?

ఆ రోజు బయ్యారం దగ్గరి తండా పిల్ల అనూషను కొడుతున్నావు. రెండు దెబ్బలు పడ్డాయి, ఇంకా మిగిలి ఉన్నాయి. తర్వాతి దెబ్బకు బెత్తం ఎత్తినవాడివి ఎత్తినట్టే కూలిపోయావు. టేబుల్ అంచు తగిలి నుదురు పగిలింది. నీ రక్తం తన కాళ్ల దాకా వచ్చినా ఆ పిల్ల చాపిన చెయ్యి దించలేదట. దవాఖానకు చేరేసరికే నువ్వు లేవు.

గుండె రక్తనాళాలు ఎప్పటినుంచో పూడుకుపోయాయని డాక్టర్ చెప్పాడు. మాత్రలు వేసుకోమని ఎంత మొత్తుకున్నాను... విన్నావా? హాస్టల్లో పిల్లలు మాత్రం సారును చంపింది అనూషేనన్నారు. దిండుతో మొహం నొక్కారు. జుట్టు పట్టి తలను మంచం కోడుకేసి కొట్టారు. ఆ విద్య వాళ్లకు ఎవరు నేర్పారు?

దసరా సెలవులకు ముందు ల్యాబ్‌లో ఆయుధ పూజ చేశారు. త్రాసు, కటకాలు, లోలకం... వాటి మధ్యలో నీ బెత్తం, పసుపు రాసి కుంకుమ పెట్టి. పిల్లలందరి చేతా దానికి మొక్కించారు. అనూష కూడా మొక్కింది. సెలవులకు ఇంటికెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు.

మొన్న ఆదివారం నేనే వెళ్లాను. మహబూబాబాద్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. అనూష తల్లితో కలిసి చేనులో మిర్చి తెంపుతోంది. నీ గుండె జబ్బు సంగతంతా చెప్పాను. నీ చావులో తన తప్పేమీ లేదని చెప్పాను. అన్నింటికీ తలూపింది. ఇక క్లాసుకు రమ్మన్నాను.

లేచి నిలబడి చెయ్యి చాపింది బాపూ. మిర్చి ఘాటుకు ఎర్రగా పొంగిన అరచెయ్యి. సారు కొట్టాల్సిన మిగతా దెబ్బలు నేను కొట్టేస్తే వస్తానంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆ వేళ్లు పట్టుకుని ముడిచాను. మళ్లీ చాపింది. మళ్లీ ముడిచాను... మళ్లీ చాపింది. వాళ్లమ్మ పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? నిన్ను చితి మీంచి లేపి ఈడ్చుకొచ్చి, ఆ చేనులో నిలబెట్టి, చెంప పగలగొట్టాలనిపించింది. నువ్వు పోయిన రోజు నీ కాళ్లు పట్టుకుని ఏడ్చిన చేతులతోనే.

మర్నాడు సోమవారం క్లాసులో నీ బెత్తాన్ని బల్లకేసి కొట్టాను. ముక్కలయ్యేదాకా కొట్టాను. ఆపబోయిన ప్రిన్సిపాల్ మీదికి వెళ్లాను. విరిగిన బెత్తం పేడు గుచ్చుకుని చెయ్యి చీరుకుపోయింది. ఆయాసంతో తలెత్తి చూస్తే పిల్లలంతా బెంచీల కింద ఉన్నారు. నన్ను చూసే భయపడ్డారు బాపూ... నీ బిడ్డనే కదా.

వాళ్ల ముందు నేలమీద కూర్చున్నాను. ఒక్కొక్కరే పైకి వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

వచ్చే ఆదివారం మళ్లీ బయ్యారం వెళ్తున్నాను. ఆ పై ఆదివారం కూడా. ఆ పిల్ల చెయ్యి దానంతటదే దిగేదాకా వెళ్తూనే ఉంటాను. అప్పటిదాకా నీ ఫోటోకు దండ వెయ్యను.

నీ బిడ్డ,
సరిత