పుచ్చు వంకాయల బుట్ట

1997 నవంబర్ 12, లక్సెట్టిపేట

సరళ ఫోన్‌లో ఏడ్చింది. హైదరాబాద్ ల్యాబ్‌లో నాలుగేండ్లుగా నా బిడ్డ ఒక కొత్త వంగచెట్టు తయారుచేస్తోంది. మట్టిలో ఉండే ఏదో బాక్టీరియా జీన్ అందులో పెట్టారట. కొరికిన పురుగు చస్తుందట, మందు కొట్టే పనే ఉండదట. తీరా టెస్ట్ చేద్దామంటే ల్యాబ్‌లో పెంచిన పురుగులన్నీ రోగమొచ్చి పోయాయి. మార్కెట్ కాయల్లోవి మందుకు సగం చచ్చినవే. నెలాఖరుకు రిజల్ట్ చూపకపోతే ప్రాజెక్ట్ బంద్ అని వాళ్ల సార్ చెప్పాడట. పురుగు దొరుకక ఆగిపోయిన, అవ్వా, నన్ను జూసి నగుతుండ్రు, అంది.

నవంబర్ 13, పొద్దున

పెరట్లో మల్లన్న పేరిట పెట్టిన వంగచెట్లు. తొలి ఏకాదశి నుంచి మా ఇంట్లో వంకాయ ముట్టం. మార్గశిరంలో చంపాషష్ఠినాడు జొన్నరొట్టె, కాల్చిన వంకాయ స్వామికి పెట్టాకే తింటాం. దేవుడి చెట్లని మందూ కొట్టం. అందుకే పురుగు ఎంగిలి చేయని కాయ ఒక్కటి నైవేద్యానికి దొరకాలంటే ప్రతి యేడూ నా ప్రాణం మీదికి వస్తుంది.

ఇవాళ చూస్తే అన్నీ పుచ్చులే. అక్కడే చేతులు జోడించాను.

అందరు బిడ్డకు అరిసెలు పట్కపోతరు, నువ్వు పురుగులు పట్కపోతున్నవా అని మా ఆయన నవ్వారు. బుట్ట మాత్రం ఆయనే వెతికి తెచ్చారు.

నవంబర్ 15, రైల్లో

పక్కన కూర్చున్న బెల్లంపల్లి ఆమె బుట్టలోకి తొంగిచూసింది. మోసపోయినవక్కా, అన్ని పుచ్చులే అంటగట్టిండు, వాన్ని ఊకెనే ఇడిసిపెట్టినవా అంది. ఏరి ఏరి తెచ్చుకున్నానని మెల్లగా చెప్పాను. జర దూరం జరిగింది.

నవంబర్ 16, సరళ ల్యాబ్‌లో

సరళ ఒక్కో కాయ కోసి పురుగులు తీసింది. ఎంత బలంగున్నయే అవ్వా అని మురిసిపోయింది. సగం మామూలు ఆకుల మీద, సగం కొత్త చెట్టు ఆకుల మీద వదిలింది. చీమను కూడా తొక్కని దాన్ని. ఆ పురుగులకు మనసులో దండం పెట్టుకున్నాను.

నవంబర్ 20, ఇంట్లో

సరళ ఫోన్ చేసింది, గెలిచింది! మామూలు ఆకులను ఈనెలు మిగిల్చి తినేశాయట. కొత్త ఆకులను కాస్త కొరికి, అక్కడే చచ్చాయట. సార్ లేచి నిలబడి సరళకు చప్పట్లు కొట్టాడట. నేను ఎంత గట్టిగా అరిచానంటే, పాము కనబడ్డదా అని పక్కింటి సక్కుబాయి కర్ర పట్టుకుని ఉరికొచ్చింది.

షష్ఠికి ఆ కొత్త కాయ ఒక్కటి దొరుకుతుందా అని అడిగాను. అది ల్యాబ్ బయటికి రావద్దట, తినేందుకు ఇంకా ఏండ్లు పడతాయట. ఫికర్ జెయ్యకవ్వా, ఏదో ఒకనాడు పెడ్తవు, అంది.

డిసెంబర్ 5, చంపాషష్ఠి

వెతికితే మంచి కాయ ఒకటి దొరికింది. పక్కన పెట్టాను. పురుగు తొలిచినదాన్నే కాల్చి మల్లన్నకు పెట్టాను. ఎంగిలి అనిపించలేదు.